డబ్లిన్ పైన, గాల్వే కింద

"నానమ్మా, ఆ కొవ్వొత్తి కొండెక్కించెయ్యి," అంది సోర్చా.

నోనీ చేతిలో అగ్గిపుల్ల వేళ్లదాకా కాలి చురుక్కుమంది. క్రిస్మస్ వెళ్లినప్పటి నుంచీ ప్రతి ఆదివారం, చర్చిలో మరియమ్మ ముందు, మనవరాలి పేరున ఒక కొవ్వొత్తి వెలిగిస్తూనే ఉంది ఆవిడ. బడి ఆఖరి పరీక్షల ఫలితాలు మొన్న శుక్రవారం వచ్చాయి, ఊరంతా ముక్కున వేలేసుకునేలా వచ్చాయి. ఏ యూనివర్సిటీలో సీటన్నది బుధవారం మధ్యాహ్నం రెండింటికి తేలుతుంది. తీరా ఒడ్డు కనబడుతున్న వేళ తెడ్డు పారెయ్యమంటే ఏమనాలి?

"అవేం మాటలే! వెలిగించిన దీపం మధ్యలో ఆపుతారా ఎవరైనా?"

"దేనికోసం వెలిగిస్తున్నావు నువ్వు?"

"దేనికేమిటి, డబ్లిన్ కోసం."

"అందుకే ఆపమన్నా. నాకు డబ్లిన్ రాకూడదు."

నోనీ చుట్టూ చూసింది. వెనక బెంచీలో ముసలి మిసెస్ హెహిర్ జపమాల తిప్పుతోంది, కానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. మనవరాలి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది, సమాధుల గోడ దగ్గరికి. అక్కడైతే వినేవాళ్లు ఉన్నా పైకి చెప్పరు.

"ఇప్పుడు చెప్పు."

చెప్పింది సోర్చా. చెప్పడానికి పెద్ద కథేం లేదు, ఆ దేశంలో సగం ఇళ్లలో జరిగే కథే. పిల్లలు తమకు కావలసిన చదువుల్ని వరసగా ఒకదాని కింద ఒకటి రాయాలి. పైనున్నది దక్కిందా, కిందవన్నీ రాలిపోతాయి. ఇక వాటి మొహం చూడ్డానికి లేదు. "కావలసింది పైన రాయండర్రా" అని బళ్లో టీచర్లు గొంతు చించుకుంటారు. ఎవరు వింటారు? పిల్లకి మార్కులొచ్చేలా ఉంటే చాలు, మార్కుల్ని బట్టి ఇచ్చే ఆ పాయింట్లు వృథా అయిపోకూడదని ఇంటిల్లిపాదీ పైకి ఎగదోస్తారు. జూన్ ఆఖరున, మార్పులకి గడువు ముగిసే రోజున, ఫెర్గల్ కూతురి పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాడు. "డబ్లిన్‌లో లా పైన పెట్టు. పెద్ద చేపల వల పట్టుకెళ్లి ఎవరైనా పీతలు తెచ్చుకుంటారా?" అన్నాడు. సోర్చా పెట్టింది. అంత ఎత్తు తనకి అందదులే, నాన్న మాటా దక్కుతుంది, రెండోదిగా రాసిన గాల్వే సముద్రశాస్త్రం తనకీ దక్కుతుంది అనుకుంది. తీరా ఫలితాలొచ్చాక చూస్తే పరీక్ష రాసిన చెయ్యి మనసు మాట వినలేదు. బాగా రాసేసి ఉంది.

"పోయినేడు డబ్లిన్‌లో ఆఖరి సీటు ఎన్ని పాయింట్ల దగ్గర ఆగిందో, నాకు సరిగ్గా అన్నే వచ్చాయి నానమ్మా. అంచు మీద నాలాంటి వాళ్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అందులో నా పేరు రాకపోతే గాల్వే నాదే. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పాపం అదృష్టం లేదు అనుకుంటాడు నాన్న, అంతే."

"తగిలితే?"

సోర్చా గోడమీది నాచు గోళ్లతో గీకింది.

"బుధవారం రెండు కొట్టకముందే చెప్పు మీ నాన్నకి," అంది నోనీ. "ముందు చెబితే అది నీ కోరిక. తరవాత చెబితే వాడి నోటి దగ్గర ముద్ద లాక్కోవడం."

"నువ్వు చెప్పవుగా?"

"నేనా? చెప్పనే."

చెప్పనని అనడమైతే అంది గానీ, నోనీ నోట్లో నువ్వుగింజ నానదని ఊరికంతా తెలుసు. ఆ మూడు రోజులూ ఆవిడ పడ్డ యాతన పగవాళ్లకి వద్దు. టీ తాగుతూ నోరు తెరవడం, మళ్లీ మూసుకోవడం. కోడలు ఇమెల్డా మందుల షాపులో పనిచేస్తుంది. అత్తగారు ఇంతసేపు ఊరుకోవడం ఎన్నడూ చూడలేదేమో, రక్తపోటు చూసే పట్టీ ఇంటికి తెచ్చి చేతికి చుట్టింది.

ఆ ఇంట్లో యూనివర్సిటీల మాట ఎత్తితే జెండా పట్టుకుని ముందు నడిచేది నోనీయే మరి. తను పద్నాలుగో ఏట బడి మానేసింది. అయితేనేం, ఏ ఇంటి పిల్ల ఏ చదువుకి వెళ్లి ఎలా తిరిగొచ్చిందో ఆవిడే చెప్పాలి. కార్క్ వెళ్లినవాళ్లు లోకంలో ఇంకో ఊరుందని మర్చిపోతారు. లిమెరిక్ వాళ్లు డిగ్రీ కంటే ముందు ఉద్యోగం తెచ్చుకుంటారు. మేనూత్ వాళ్లు సోమవారం వెళ్లి గురువారానికి మాసిన బట్టలతో దిగుతారు. డబ్లిన్ వెళ్లినవాళ్లకి ఆరు వారాల్లో యాస మారిపోతుంది, ఏడో వారానికి మన టీ నీళ్లలా కనబడుతుంది. గాల్వే వాళ్లు? వాళ్లు వెళ్లినట్టే ఉండదు. "అందుకే వద్దు," అనేవాడు ఫెర్గల్ ఆ మాటకి. "వెళ్లినట్టు ఉండాలి."

వాడి బాధ వాడిది. ఇరవై ఏళ్లకి పైగా జనం తినే ఆల్చిప్పల్ని వల సంచుల్లో పోసి పెంచుతున్నాడు ఊరి ముందు అఖాతంలో. చలికాలం నీళ్లలో నాని నాని వేళ్లకి స్పర్శ పోయింది. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు చొక్కా గుండీలు పెళ్లామే పెట్టాలి. తన కూతురి చేతులు సిరా తప్ప ఇంకేమీ అంటుకోని చేతులు కావాలని వాడి పంతం. ఊళ్లో అందరికీ చెప్పేశాడు కూడా. పబ్బులో సోర్చాని ఎవరూ పేరుతో పిలవడం లేదిప్పుడు, జడ్జిగారనే.

బుధవారం రానే వచ్చింది. పొద్దున్నే చెబుతానంది సోర్చా. తీరా తండ్రి లేచి, రొట్టె ముక్క నోట కరుచుకుని, ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. అమావాస్య ఆటు, సముద్రం మైలు దూరం వెనక్కి పోయే రోజు. అలాంటి రోజునే కదా చివరి వరసల దాకా వెళ్లి సంచులు తిప్పుకునేది! ఇమెల్డా షాపుకి వెళ్తూ ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. కేకు. పైన చక్కెరతో చేసిన న్యాయదేవత త్రాసు. సోర్చా ఆ తలుపు మూసేసింది.

ఒంటి గంటయింది. నోనీ ఫ్లాస్కులో టీ పోసింది, రబ్బరు బూట్లు తొడుక్కుంది.

"పదవే."

"ఎక్కడికి?"

"మీ నాన్న ఇంటికొచ్చేసరికి మూడవుతుంది. అప్పుడు చెప్పేదేముంది, కేకు కొయ్యడమే."

ఇసక గట్టిగా ఉంది. దూరాన ఇనప బల్లల మీద వల సంచులు నల్లగా వరసలు వరసలుగా కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఫెర్గల్, పక్కింటి ప్యాకీ వంగి ఉన్నారు. ప్యాకీ పెళ్లి చేసుకోలేదు, ఒకరింట పని, ఇంకొకరింట భోజనం. ఈ ఇంటి మాట ఆ ఇంటికి మోసే టపా కూడా అతనే.

"కోర్టు వారు వస్తున్నారు, అందరూ లేవండి!" అని అరిచాడు ప్యాకీ. "జడ్జిగారూ, పోయినేడు లైటు లేకుండా సైకిల్ తొక్కానని నాకు వేసిన శిక్ష కొట్టెయ్యాలి తమరు!"

"ఒరేయ్ ప్యాకీ, నోరు కాసేపు ఒడ్డున పెట్టిరారా," అంది నోనీ.

సోర్చా తన ఫోను నానమ్మ చేతికిచ్చి, తండ్రి పక్కకి వెళ్లింది. ఒక సంచి చివర పట్టుకుని తిప్పింది. నీళ్లు కారాయి.

"చేతులు పెట్టకన్నానా!" కసిరాడు ఫెర్గల్. "టైమెంతయింది? వచ్చిందా?"

"ఇంకా లేదు. నాన్నా..."

"భయపడకు. వస్తుంది. నాకు తెలుసు."

"నాన్నా, వస్తుందనే భయం."

అప్పటికే ఆటు అయిపోయి పోటు మొదలైంది. నోనీ బూట్ల చుట్టూ నీళ్లు పాముల్లా పాకి వచ్చాయి. ఆవిడ ఫోను పొట్టకి హత్తుకుని నిలబడిపోయింది.

"ఏమన్నావ్?"

"నాకు డబ్లిన్ వద్దు. లా వద్దు. గాల్వే కావాలి."

ఫెర్గల్ చేతిలో సంచి బల్లమీద పడింది. ప్యాకీ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"మరి పైన ఎందుకు రాశావు?"

"నువ్వు పక్కన కూచున్నావు."

"నేనేమైనా పీక మీద కత్తి పెట్టానా?"

"లేదు. కుర్చీ వేసుకుని కూచున్నావు. నవ్వుతూ కూచున్నావు. అంతలా నువ్వు నవ్వడం నేనెప్పుడు చూశాను?"

ఫెర్గల్ గొంతు పెంచాడు.

"దేశంలో అందరూ తల పైకెత్తి చూసే చోటు! నువ్వు పోల్చేది దేంతో? బస్సు దూరంలో ఉన్నదాంతో! ఏం నేర్చుకుంటావక్కడ? ఈ బురదేగా!"

"ఈ బురదే. పోయినేడు ఎండాకాలం సంచుల్లో సగం ఆల్చిప్పలు నోళ్లు తెరుచుకుని చచ్చాయి. నువ్వు ఇక్కడే నిలబడి ఎందుకూ ఎందుకూ అన్నావు. ఎవరూ చెప్పలేదు. నాకు ఆ ఎందుకు కావాలి నాన్నా."

"డబ్లిన్‌లో సముద్రం లేదా?"

"ఉంది. ఇది కాదు."

ఫెర్గల్ తల్లి వైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

"ఆదివారం నుంచి తెలుసురా," అంది నోనీ.

"నువ్వా? మూడు రోజులు నోరు కట్టుకున్నావా?"

సరిగ్గా అప్పుడు నోనీ చేతిలో ఫోను వణికింది. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. తెల్లటి వెలుగు తప్ప ఆవిడకేమీ కనిపించలేదు. సోర్చా తడి చేతులు స్వెట్టరుకి తుడుచుకుని ఫోను తీసుకుంది. చదివింది. మళ్లీ చదివింది. నీళ్లు మోకాళ్ల కింది దాకా వచ్చేశాయి, ఎవరూ కదల్లేదు.

"డబ్లిన్," అంది.

"తగిలిందే! లాటరీ తగిలిందే!" ప్యాకీ నీళ్లు ఎగజిమ్ముతూ గంతేశాడు. మరుక్షణం తనెక్కడున్నాడో గుర్తొచ్చి చేతులు దించుకున్నాడు.

నోనీ కొడుకునే చూస్తోంది. వద్దనుకున్నా వాడి మొహం వెలిగింది. పాపం, పద్దెనిమిదేళ్ల ఆశ, ఎక్కడికి పోతుంది? వెలిగి, కూతురి కళ్లు చూసి, మెల్లగా తగ్గింది. మరియమ్మ తల్లీ, నా పాత మొక్కే విన్నావా, అనుకుంది ఆవిడ.

"సీటు ఒప్పుకోడానికి సోమవారం దాకా గడువుందిగా," అన్నాడు ఫెర్గల్. "ఆలోచించుకో."

"సోమవారం కూడా ఇదే అంటాను."

"గాల్వే మరి?"

"రాలిపోయింది. ఈ ఏటికి లేదు. వచ్చే ఏడు మళ్లీ రాస్తా. అది పైన రాస్తా. పక్కన ఎవరూ కూచోకుండా."

"ఏడాదంతా ఏం చేస్తావ్?"

సోర్చా ఇంకా తిప్పని ఆఖరి వరస వైపు చూసింది. నీళ్లు ఆ బల్లల కాళ్లు మింగుతున్నాయి. ఇంకో పావుగంటయితే అందవు.

"ఇక్కడ చలి తప్ప ఏం లేదే," అన్నాడు ఫెర్గల్. ఈసారి మాటలో కసురు లేదు, బతిమాలుకుంటున్నట్టుంది.

"తెలుసు నాన్నా. అమ్మ నీకు గుండీలు పెడుతుంటే చూస్తూనే పెరిగా."

ఫెర్గల్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నోనీ ఏదో అనబోయి, మూడు రోజుల అలవాటు కొద్దీ మింగేసింది. ఫెర్గల్ నడుముకి కట్టుకున్న సంచిలోంచి రెండో జత గ్లవుజులు లాగి కూతురి వైపు విసిరాడు.

"తొడుక్కో. ఉత్త చేతులు మళ్లీ నీళ్లలో పెట్టావంటే ఊరుకోను. ఆ చివర పట్టుకో, పోటు వచ్చేస్తోంది."

తండ్రీ కూతురూ చెరో చివరా పట్టుకుని సంచులు తిప్పుకుంటూ పోయారు. ప్యాకీ నోనీ దగ్గరికి వచ్చి ఫ్లాస్కు మూతలో టీ పోయించుకున్నాడు. కడుపులో మాట ఆగక మెలితిరిగిపోతున్నాడు పాపం.

"ఫెర్గల్!" అని కేకేశాడు చివరికి. "సాయంత్రం పబ్బులో అడుగుతారు నన్ను. ఏం చెప్పమంటావ్?"

ఫెర్గల్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"డబ్లిన్ వచ్చిందని చెప్పు. మా పిల్ల వద్దందని చెప్పు. రెండూ చెప్పు." ఇంకో సంచి తిప్పాడు. "మొదటిది కాస్త గట్టిగా చెప్పు."