టాన్సీ ఈల

టాన్సీ సంచి నేనే సర్దాను. గిన్నె, దువ్వెన, పాత దుప్పటి, రెండు పూటల తిండి, టీకాల చీటీ. ఏదో మరిచానేమోనని విప్పి మళ్లీ సర్దాను. మా ఆయన ఆసుపత్రికి వెళ్లినప్పుడు కూడా సంచి సర్దింది నేనే, ఆయన తిరిగి రాలేదు. అప్పటినుంచి జిప్పు లాగే చప్పుడు వింటే నాకు గుబులు.

మా తమ్ముడు హెడ్లీ రొట్టెకు మార్మలేడ్ రాసుకుంటూ చూస్తున్నాడు.

"అక్కా, అది వెళ్లేది స్కాట్లాండ్‌కే. చంద్రుడి మీదికి కాదు."

"కొత్త చోట దానికి నిద్ర పట్టకపోతే?"

"పట్టనిది నీకు. అది గురక పెడుతుంది."

టాన్సీ మూడేళ్ల స్పానియల్ జాతి వేటకుక్క. చలికాలం వేటల్లో తుపాకులకు పడిన ఫెజంట్ పక్షులను పొదల్లో వెతికి, ఈక నలగకుండా నోట కరుచుకుని తేవడం దాని పని. దాని వెనక నడవడం నా పని. నిరుడు నా మోకాళ్లు ఇక నడవలేమన్నాయి. పని లేక టాన్సీ సోఫా దిండ్లను వేటాడసాగింది. స్కాట్లాండ్‌లోని సదర్లాండ్ కొండల్లో వేటపక్షులను సాకే కిర్స్టీ అనే అమ్మాయి దాన్ని తీసుకుంటానంది. కాకపోతే ఒక షరతు పెట్టింది: తన పిలుపుకు వస్తేనే తీసుకెళ్తుంది. పనిచేసే కుక్కను బలవంతాన లాక్కుపోతే ఎందుకూ కొరగాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. రావాలనీ, రాకూడదనీ రెండూ కోరుకుంటూ బయల్దేరాను.

ఇంగ్లండ్‌లోని మా ష్రాప్‌షైర్‌లో జులైలో జరిగే గ్రామీణ క్రీడల సంతలో కలుద్దామనుకున్నాం. తుపాకీ వేటగాళ్ల సంఘం సభ్యులకు అక్కడ ప్రవేశం ఉచితం. కిర్స్టీ, నేను ఇద్దరం సభ్యులమే. హెడ్లీ కూడా ఒకప్పుడు సభ్యుడే కానీ, చూపు మసకబారాక తుపాకీతోపాటు సభ్యత్వం కూడా వదిలేశాడు. గేటు దగ్గర నా కార్డు చూసి లోపలికి పొమ్మన్న పిల్ల, అతన్ని మాత్రం టికెట్ కొనమంది.

"అక్కకు ఉచితం, కుక్కకు ఉచితం. నేనేం పాపం చేశానమ్మా?"

"మొరగడం వస్తే చెప్పండి తాతా, చూద్దాం."

హెడ్లీ నిజంగానే మొరిగాడు. వరుసంతా నవ్వింది. టాన్సీ సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుంది. టికెట్ కొనక తప్పలేదు.

కిర్స్టీ చెరువుగట్టున ఎదురుచూస్తోంది. ఎండకు కందిన మొహం, మోకాళ్లదాకా బురద. చూడగానే నచ్చింది, అదే నా బాధ. ఆమె పక్షికి బదులుగా గుడ్డతో కుట్టిన దిమ్మెను అవతలి గడ్డిలోకి విసిరి టాన్సీని పంపింది. టాన్సీ రివ్వున దూకి దిమ్మెను కరుచుకుంది. కిర్స్టీ ఈల ఊదింది. టాన్సీ తల వంచి విని, ఉన్నచోటే కూర్చుంది. మళ్లీ ఊదింది. టాన్సీ నావైపు చూసింది.

"దానికి స్కాట్లాండ్ భాష రాదు," అన్నాడు హెడ్లీ పంది మాంసం బన్ను నములుతూ.

నా మెడలోని ఈల పట్టుకున్నాను. ఒక్కసారి ఊదితే చాలు, వచ్చేస్తుంది. ఇంటికి తీసుకుపోవచ్చు.

కిర్స్టీ నా ఈలను చూసి నుదురు కొట్టుకుంది. మా ఈలల శ్రుతులు వేరు. ఏ శ్రుతితో నేర్పితే ఆ శ్రుతికే కుక్క కదులుతుంది. ఫోనులో తిండి గురించి, దుప్పటి గురించి అంత మాట్లాడుకున్నాం, ఇద్దరం కుక్కలతో బతికినవాళ్లమే, ఈల సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

అలాంటిదే ఇక్కడ కొట్లో కొనుక్కుంటానని, నాది నన్నే ఉంచుకోమని ఆమె మంచిగా చెప్పింది.

"వద్దమ్మాయ్. ఇది నా మెడలో ఉంటే నువ్వు గేటు దాటేలోపే ఊదేస్తాను. తీసుకో."

కిర్స్టీ ఈలను చొక్కాకు తుడిచి ఊదింది. టాన్సీ చెవులు ఎగరేసుకుంటూ వచ్చి దిమ్మెను ఆమె చేతిలో పెట్టింది. తోక ఆగడం లేదు. సంచి అందించాను. హెడ్లీ మిగిలిన బన్ను నా చేతిలో పెట్టాడు. తిన్నాను కూడా.

శీతాకాలంలో ఫోటో వచ్చింది. మంచులో టాన్సీ, నోట్లో పక్షి. ఒళ్లు చేసిందని హెడ్లీ అన్నాడు. ఆ ఫోటోను వంటింటి గోడకు అంటించాను.

టాన్సీ మా ఇంటికి తిరిగి రాలేదు. నేను దాన్ని చివరిసారి చూసింది ఆ జులై ఆఖరి శనివారం మధ్యాహ్నం.