ఖాళీ బోన్లు

ఉదయం ఆరున్నరకు విత్తనాల గోదాం తలుపు తీశారు. అక్క చీపురుతో లోపలికి వెళ్లింది.

పొడి నేల. దుమ్ము లేచింది. తలుపు సందున పడే ఎండలో తేలింది... దిగలేదు.

అంతకుముందు వానలు బాగా కురిశాయి.

గట్ల మీద గడ్డి గింజ పట్టింది. గింజ తిని ఎలుక పిల్లలు పెట్టింది. ఆ పిల్లలూ పిల్లలు పెట్టాయి.

తర్వాత కోతలు. తర్వాత చలి. గట్లు కాల్చేశారు.

తినడానికి గింజ లేదు. దాక్కోవడానికి గడ్డి లేదు.

తమ్ముడి పని ఎలుకల్ని పట్టడం. చేలల్లో బోన్లు పెట్టి, పడినవాటి నెత్తురు తీసి, హంటా వైరస్ పరీక్షకు పంపుతాడు. వానల్లో బోన్లు నిండేవి. చలి వచ్చాక పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎర కూడా కదల్లేదు.

ఎలుకలు తగ్గాయని ఆఫీసులో చెప్పాడు. చేలల్లో మాత్రమే అని అనలేదు. బోన్లు ఎప్పుడూ చేలల్లోనే పెట్టేవాళ్లు—

ఇంట్లోనూ అదే చెప్పాడు. ఇలాగైతే నన్నే బోనులో పెట్టి పంపాలి అన్నాడు. నిన్ను చూస్తే వైరస్సే పారిపోతుందిరా అంది అక్క.

ఎలుకల ఉచ్చ, పెంటికలు కలిసిన దుమ్ము పీలిస్తే ఆ వైరస్ సోకుతుందని, మూసి ఉంచిన గదిని పొడిగా ఊడ్వొద్దని, మందునీళ్లు చల్లి తడిగుడ్డతో తీయాలని ఆమెకు నేర్పింది తమ్ముడే. తడి తగిలితే విత్తనం పాడవుతుందని గోదాం మేస్త్రీ కసురుకునేవాడు. ఆమె మాటలు పడేది. చల్లేది.

"రేపు గోదాం ఊడ్వాలిరా. నీళ్లు చల్లనా?"

"ఈసారికి వద్దులే అక్కా. ఎలుకలే లేవు."

పొద్దున చల్లలేదు.

బస్తాల వెనక గూళ్లు. కొరికిన గోనె పీచు. పెంటికలు. ఉచ్చ వాసన. అన్నీ చేటలోకి ఎత్తింది.

చేలో లేనివన్నీ మా దగ్గరే ఉన్నాయిరా అని సాయంత్రం నవ్వుతూ చెప్పింది.

తమ్ముడు కంచం పక్కకు జరిపాడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆమె నుదురు ముట్టుకునేవాడు. చల్లగానే ఉండేది. నేనేమన్నా పెనమా, కాలిందో లేదో చూస్తున్నావు అని ఆమె చెయ్యి తోసేసేది.

ఒక పొద్దున తోసెయ్యలేదు.

జ్వరం. నడుము నొప్పి. తొడల నొప్పి. మెట్లెక్కుతూ సగంలో కూర్చుంది... ఊపిరి అందలేదు.

ఆసుపత్రిలో నెత్తురు తీశారు. హంటా అని తేలింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, దీనికంటూ మందు లేదని డాక్టరు చెప్పాడు. ఊపిరి ఆడేలా చూస్తూ ఉండటమే అన్నాడు.

ఆమె ముక్కు మీది గొట్టం పక్కకు తీసింది.

"ఎలుకలు లేవనుకున్నావు కదరా... ఉన్నాయని తెలిస్తే చెప్పేవాడివే."

తమ్ముడు గొట్టం మళ్లీ సర్దాడు.

మధ్యాహ్నం ఆక్సిజన్ పెంచారు. సాయంత్రం మళ్లీ పెంచారు.

ఇంక పెంచడానికి లేదని నర్సు చెప్పింది.