చక్రం కింద రాయి

లోపలికొచ్చిన మనిషి తలుపు తనే గడియ పెట్టుకున్నాడు. పళ్ళ డాక్టరుకి అప్పుడే అనుమానం రావాల్సింది. పంటి నొప్పితో వచ్చేవాళ్ళెవరూ తలుపు వెయ్యరు. పారిపోవడానికి దారి ఉంచుకుంటారు.

మధ్యాహ్నమైనా కొండ మీద ఊరిని పొగమంచు వదల్లేదు. కాఫీ తోటల మధ్య ఇరవై మలుపులెక్కి వచ్చిన పళ్ళాసుపత్రి కారవాన్, జీపు వెనక తగిలించినట్టే, వాలు మీద నిలబడి ఉంది, చక్రాల కింద రెండు రాళ్ళతో. జీపు నడిపేది డాక్టరు అక్క. ఇద్దరి మధ్యా గోడ మీద దెబ్బలే మాటలు. ఒకటి కొడితే వేణ్ణీళ్ళు కావాలి. రెండు కొడితే పన్ను పీకుతున్నాను, బండి కదలకూడదు. మూడు కొడితే ఈ ఊళ్ళో పని అయిపోయింది, రాళ్ళు తీసి జీపులో వేసుకుని బయల్దేరు.

వారం కిందటి దాకా ముగ్గురుండేవాళ్ళు. అందరికన్నా చిన్న తమ్ముడు, చిన్నోడు, మైకు కట్టిన మోటారు సైకిలు మీద ఒక రోజు ముందే వెళ్ళి "పళ్ళ బండి వస్తోంది" అని ప్రతి ఊళ్ళో చెప్పొచ్చేవాడు. కొండ దారిలో వాణ్ణి ఎవడో పొడిచి చంపి, మోటారు సైకిలు పట్టుకుపోయాడు. చిన్నోడి పళ్ళ మధ్య రక్తం చిన్నోడిది కాదని, చంపినవాడిదని డాక్టరు మొత్తుకున్నా పోలీసులు రాసుకోలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని అక్కే మళ్ళీ జీపు తీసింది.

"మెట్ల మీంచి పడ్డాను," అన్నాడు వచ్చినవాడు కుర్చీలో వాలుతూ. దవడ గుమ్మడికాయంత వాచింది. కింది పన్ను సగానికి విరిగి చీము పట్టింది.

"మెట్లు గట్టిగానే కొట్టాయే. సూది వేస్తా, నొప్పి తెలీదు."

"నిద్రపుచ్చి పట్టిద్దామనా?" వాడు చొక్కాలోంచి కత్తి తీసి డాక్టరు తొడకి ఆనించాడు. "సూదీ వద్దు, గీదీ వద్దు. నొప్పి పుట్టిందో, ఇది దిగుతుంది. పీకు."

చెయ్యి చాపినప్పుడు వాడి చొక్కా మణికట్టు మీంచి జరిగింది. అక్కడ పక్కు కట్టిన పంటిగాట్లు. వంపుగా ఐదు గాట్లు, మధ్యలో ఒక ఖాళీ, దాని పక్కన అడ్డం తిరిగిన కోరపన్ను గాటు. ఆ ఖాళీ చేసింది డాక్టరే. పోయిన వానల్లో, ఇదే కుర్చీలో, చిన్నోడి నోట్లో.

పన్ను పీకితే పది నిమిషాల్లో వీడు తోటల్లో కలిసిపోతాడు. ఇక ఎవరికీ దొరకడు. డాక్టరు పట్టకారుతో పన్ను పట్టుకుని, ఎడం చేత్తో గోడ మీద కొట్టాడు. మూడు.

"ఒరేయ్, ఇక్కడింకా పన్నెండు మంది ఉన్నారు," బయట్నుంచి అక్క. "లెక్క మర్చిపోయావా?"

"చిన్నోడు కబురు పెట్టాడక్కా. పోలీస్ స్టేషన్ దగ్గరున్నాడట. తొందరగా రమ్మంటున్నాడు."

బయట ఒక రాయి జరిగిన చప్పుడు. తర్వాత రెండోది.

"చిన్నోడెవడు? స్టేషన్ దగ్గర వాడికేం పని?" పట్టకారు మధ్య నుంచి ముద్దగా అడిగాడు వాడు.

కుర్చీలో ఉన్నవాళ్ళు ఏమడిగినా జవాబు చెబుతూ కబుర్లలో పెట్టడం డాక్టరు అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

"మా తమ్ముడు. ముందెళ్ళి మైకులో చెప్పేవాడు."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "మైకు బండా?"

కత్తి దిగింది. అదే క్షణంలో జీపు కదిలింది.

కత్తి పిడి దాకా తొడలో ఉంది. డాక్టరు పట్టకారు బిగించి తిప్పాడు. వాడు పెట్టిన కేక కారవాన్ గోడల్ని కొట్టింది. మొదటి మలుపులో ఇద్దరూ నేల మీద పడ్డారు. అలమర తెరుచుకుని సీసాలు నెత్తిన పగిలాయి. వాడు కత్తి పీకి ఈసారి భుజంలో పొడిచాడు. డాక్టరుది ఉడుంపట్టు. పన్ను చాలదని దవడనే పట్టుకున్నాడు. రెండో మలుపులో వాడి తల కుర్చీ ఇనప కాలికి కొట్టుకుంది. మూడో మలుపులో ఎముక విరిగింది. ఆ విరుపు డాక్టరుకి చేతిలోనే తెలిసింది. కత్తి జారి గాజుపెంకుల్లోకి పోయింది.

బండి ఆగింది. రెండు దెబ్బలకి గడియ ఊడింది. అక్క చేతిలో చక్రం కింది రాయి.

డాక్టరు వాడి మణికట్టు పైకెత్తి చూపించాడు. అక్క గాట్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఖాళీ దగ్గర వేలు ఆగింది. తల్లి పోయాక ఆ నోటికి ముద్దలు తినిపించి పెంచింది తనే.

"అక్కా, ఎదురుగా స్టేషన్. వాళ్ళు వస్తున్నారు," అన్నాడు డాక్టరు.

"రానీ. ఇంకా రోడ్డు దాటాలి కదా."

కత్తి పట్టిన ఆ చేతిని నేల మీద పరిచి మోకాలితో తొక్కిపట్టింది. రాయి ఎత్తింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారికి వాడికి అరిచే ఓపిక లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు లోపలికి తొంగి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది వీడికి?"

"మెట్ల మీంచి పడ్డాడట," అన్నాడు డాక్టరు తొడని రెండు చేతులతో నొక్కుకుంటూ. "ఆ చేతి మీద పంటిగాట్లున్నాయి. ఈసారైనా రాసుకోండి."

అక్క ఇన్‌స్పెక్టరుని తప్పించుకుని కిందికి దిగింది. బండి వాలు మీద ఉంది. రాయిని చీరకొంగుతో తుడిచి, ఎప్పటిలాగే వెనక చక్రం కింద పెట్టింది.