అయిదో నంబరు వెదురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు. అయితే ఈసారి తప్పు నాది. దాన్ని సరిదిద్దుకోవడానికి గుడివాడ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మా ఆయన స్టీఫెన్ ఇండోనేషియాలో, బాండుంగ్ దగ్గర ఒక నూలు మిల్లులో ఏడేళ్ళు పనిచేశారు. అక్కడివాళ్ళు సుండా జనం. పక్కింటి నెనెంగ్ అక్క నాకు అంక్లుంగ్ నేర్పింది. వెదురు చట్రంలో రెండు వెదురు గొట్టాలు వేలాడుతుంటాయి. ఎడమ చేత్తో పైన పట్టుకుని కుడి చేత్తో అడుగున ఊపితే గలగలమంటూ ఒక స్వరం పలుకుతుంది. ఒకే ఒక్కటి! పాట కావాలంటే ఎనిమిది మంది నిలబడాలి, ఎవరి వంతుకి వాళ్ళు ఊపాలి.

"ఎవరైనా రాకపోతే?" అని ఒకసారి అడిగాను.

"ఆ చోటు ఖాళీగా వదిలేస్తాం. అది ఆమెది కదా" అంది నెనెంగ్ అక్క, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు, స్వరానికో నంబరు చొప్పున ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎనిమిది అంక్లుంగ్‌లు ఇచ్చింది. అయిదో నంబరు పాటల్లో మాటిమాటికీ వస్తుందని, దానికి జతగా ఇంకొకటి కూడా పెట్టింది. ఆ జతే నా కొంప ముంచింది.

మాది నాగాయలంక దగ్గర పల్లె. మా చర్చిలో ఎనిమిది మంది ఆడవాళ్ళని పోగుచేశాను. సగం మంది రొయ్యల షెడ్డులో తలలు తీసేవాళ్ళే. స్వరాలూ గిరాలూ ఎవరికీ తెలియవు కాబట్టి ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తాను. ఒక వేలెత్తితే ఒకటి, అరచెయ్యి మొత్తం తెరిస్తే అయిదు. ఎవరి ముందునుంచి దాటినా సుండావాళ్ళలాగా నడుం వంచి, కుడి చెయ్యి కిందికి చాపి "పున్‌తెన్" అనాలని కూడా నేర్పాను. అంటే కాస్త దారివ్వండి అని. మొదట్లో పడీ పడీ నవ్వారు. తర్వాత అదే అలవాటైపోయింది.

అయిదో నంబరు మా బుల్లెమ్మ వదినది. షెడ్డులో ఐసు మిషను పక్కన ఇరవై ఏళ్ళు నిలబడి సగం చెవుడు తెచ్చుకుంది. మొదటిరోజు అంక్లుంగ్‌ని చెంపకి ఆనించుకుని ఊపింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"వదినా, ఇది నాకు వినపడుతోందే! అరవై ఏళ్ళకి నాకంటూ ఒక చప్పుడొచ్చిందే!" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఇంతలో గుడివాడ స్త్రీల సభల్లో వాయించమని పిలుపొచ్చింది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. బుల్లెమ్మ వదిన ఎప్పుడూ అరక్షణం వెనక ఊపుతుంది. అంతమందిలో నవ్వులపాలవుతామేమోనని, కొత్తగా వచ్చిన అన్నమ్మ చేతికి ఆ జత ఇచ్చి, వదిన వెనకాల నిలబెట్టాను. సమయానికి నువ్వు ఊపెయ్యి, ఆమెకి చెప్పకు అన్నాను. వదినకేమో ఈ పిల్ల నేర్చుకుంటోందని చెప్పాను.

చెవులు వినపడనివాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? రెండో రోజే పాట మధ్యలో గిరుక్కున వెనక్కి తిరిగింది. అన్నమ్మ చెయ్యి ఇంకా ఊగుతోంది.

"రెండ్రోజుల నుంచి చూస్తున్నా. చెయ్యి నాకెత్తుతున్నావు, చూపు నా భుజం మీదనుంచి పోతోంది" అంది నాతో. తన అంక్లుంగ్‌ని పమిట చెంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. "చెప్పి పెడితే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని వదినా. చెప్పకుండా పెట్టావు."

అంతే, వెళ్ళిపోయింది.

మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రొయ్యల బుట్ట మీంచి తలెత్తలేదు. వీధి చివరిదాకా వినపడేలా అరిచి బతిమాలితే, "చెవిటిదాన్ని, వినపడదు" అంది. మొండిఘటం! నేనేం తక్కువా?

"పోనీ అన్నమ్మకే ఇచ్చెయ్యండమ్మా, సంఘం పరువు కదండీ" అన్నారు మా పాస్టరు డేవిడ్ రాజు గారు.

"ఇవ్వనండీ. చిల్లుల పాటయినా వాయిస్తాను గానీ ఆ చోటు ఇంకొకరికి ఇవ్వను" అన్నాను. ఆ రెండో వెదురుని పెట్టెలో పెట్టి తాళం వేశాను. అన్నమ్మ పాపం బెదిరిపోయింది. నీ తప్పేం లేదమ్మా అని దగ్గరికి తీసుకున్నాను.

సభల రోజు వ్యాను ఎక్కేసరికి వెనక సీట్లో బుల్లెమ్మ వదిన కూర్చుని ఉంది. "సభలకి వస్తున్నా. నీ పాటకి కాదు" అని కిటికీలోంచి బయటికి చూసింది. పామర్రులో టీ తాగడానికి ఆగినా దిగలేదు. నేనే గ్లాసు తీసుకెళ్ళి ఇస్తే తాగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

గుడివాడలో హాలు నిండిపోయింది. ఏడుగురు వరసగా నిలబడ్డారు. మధ్యలో ఖాళీ కుర్చీ, దాని మీద అయిదో నంబరు. కోతపండగ కీర్తన ఎత్తుకున్నాం. అయిదు వచ్చింది. కుర్చీకి అరచెయ్యి చూపించాను. నిశ్శబ్దం. ముందుకి సాగాం. మళ్ళీ అయిదు, మళ్ళీ ఖాళీ. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఖాళీ వదిలేసి పాట పూర్తిచెయ్యాలనే వచ్చాను. మూడోసారి చెయ్యెత్తాక మాత్రం దించబుద్ధి కాలేదు. ట్రాఫిక్ కానిస్టేబులులా అలాగే నిలబడిపోయాను. ఏడుగురూ ఆగిపోయారు.

"అమ్మా, కానివ్వండమ్మా" అని పక్కనుంచి పాస్టరు గారు గొణిగారు.

నేను జనం వైపు తిరిగాను. బుల్లెమ్మ వదిన చివరి బల్ల మీద ఉంది. ఆమె మొహంలోకే చూశాను, ఇంకెక్కడికీ కాదు.

"నీకు తెలియకుండా నీ చోట్లో ఇంకొకర్ని పెట్టాను వదినా! తప్పు నాది! నువ్వు వచ్చేదాకా ఈ చెయ్యి దించను!" అని మైకు లేకుండానే అరిచాను. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. భుజం లాగేస్తోంది. అయినా దించలేదు.

చివరికి బుల్లెమ్మ వదిన లేచింది. ఇరుకు వరసల మధ్య నడుం వంచి, కుడి చెయ్యి కిందికి చాపి, "పున్‌తెన్... పున్‌తెన్..." అనుకుంటూ వస్తోంది. ఇదేం భాషో అర్థంకాక గుడివాడ ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

వేదికెక్కి, ముందు తన వెనక్కి తిరిగి చూసుకుంది. ఎవరూ లేరు. కుర్చీ మీంచి అంక్లుంగ్ తీసుకుంది.

"దించి మళ్ళీ ఎత్తు. ఇందాక ఎత్తింది కుర్చీకి" అంది.

దించాను. ఆమె కళ్ళలోకి చూస్తూ మళ్ళీ ఎత్తాను. ఊపింది. ఎప్పటిలాగే అరక్షణం ఆలస్యంగా.

ఏడుగురూ ఆ అరక్షణం ఆగారు. పాటంతా అలాగే, ఆమె చెయ్యి కదిలాకే కదిలాం. మాకిచ్చిన సమయం దాటిపోయింది. డేవిడ్ రాజు గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. చూసుకోనివ్వండి.