దర్జీ భుజం లోతు

“నీ చెయ్యి కుదిరేదాకా దిండులో సూదులు గుచ్చుకో, మా అమ్మని వదిలెయ్,” అని మా ఆయన మూడోసారి అన్నారు.

“దిండుకి భుజం నొప్పి లేదురా,” అంది మా అత్తగారు, కుర్చీ తిప్పుకుని నాకు వీపు పెట్టి కూర్చుంటూ. “నువ్వు పేపరు చదువుకో. నువ్వు కానివ్వమ్మా.”

నేను ఆక్యుపంక్చర్ తరగతికి వెళ్ళడం మొదలుపెట్టి తొమ్మిది నెలలు. ఇంకో పదిహేను రోజుల్లో పరీక్ష. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మెడకీ భుజం చివరికీ నడుమ వేలితో నొక్కి చూశాను. “ఆ, అదే, అక్కడే” అంది. స్పిరిట్‌తో తుడిచి సూది దించాను. పావుగంట ఉంచి తీసేశాను. ఆవిడ చెయ్యి పైకెత్తి కొడుక్కి చూపించింది.

గంట తరవాత, ఉతికిన బట్టలు మడతపెడుతూ దగ్గింది. పొడి దగ్గు. ఇంకోసారి. ఛాతీ పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

“గాలి పీలిస్తే ఇక్కడ కలుక్కుమంటోంది.”

“గ్యాసయ్యుంటుంది. వేణ్ణీళ్ళు తాగు,” అన్నారు ఆయన.

తరగతిలో నా జోడీ ఒక దర్జీ, భారీ మనిషి. తొమ్మిది నెలలూ నా చెయ్యి ఆయన భుజం మీదే లోతు నేర్చుకుంది. బక్కపలచని వాళ్ళకి అక్కడ కండని వేళ్ళతో పైకి పట్టుకుని పైపైనే గుచ్చాలనీ, ఆ కిందే ఊపిరితిత్తి ఉంటుందనీ టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా. అత్తగారి భుజాన ఉన్నవి ఎముకలే. నా సూది మాత్రం దర్జీ భుజంలోకి దిగినంత లోతూ దిగింది.

గ్యాసే కావచ్చు. నోరు మూసుకుంటే సాయంత్రానికి తగ్గిపోవచ్చు. అలా అనుకున్నందుకు నన్ను చూసి నాకే భయమేసింది. ఆవిడ పెదవులు చూశాను. రంగు మారిందా, కిటికీ వెలుగా?

“గ్యాస్ కాదు. నేనే లోతుగా గుచ్చాను. ఊపిరితిత్తికి తగిలుంటుంది. బండి తియ్యండి.”

ఆయన పేపరు పడేసి తాళాలు తీసుకుని బయటికి నడిచారు. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టరు ఏం జరిగిందని అడిగితే, “బట్టలు మడతపెడుతుంటే పట్టేసిందండీ,” అని అత్తగారు నాకేసి చూడకుండా అబద్ధమాడింది.

“నేను సూది గుచ్చానండీ,” అన్నాను. ఎంత లోతో నా వేలి మీద చూపించాను.

వెంటనే ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. ఆ తలుపు ముందు బల్ల మీద కూర్చున్నాను. లోపల దగ్గు వినబడినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. మాతోపాటు బండెక్కి వచ్చిన మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “ఇంత చల్లగా ఉందేంటమ్మా?” అంది.

ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి చేరిందట. ఆ గాలి తియ్యడానికి ఇప్పటికి గొట్టం వెయ్యక్కర్లేదట. ఆక్సిజన్ పెట్టి, పొద్దున మళ్ళీ ఎక్స్‌రే తీస్తామన్నారు. పెరిగితే ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

“పొద్దుటికి తగ్గిపోతుందిలే. వెర్రి మొహమా, ఏడవకు,” అంది అత్తగారు మాస్కులోంచి.

ఆవిడ దుప్పటి సరిచేసి, ముగ్గురికీ వినబడేలా మెల్లగా చెప్పాను.

“నేను పరీక్షకి కూర్చోను. రేపు టీచరమ్మకి జరిగింది జరిగినట్టు చెప్తాను. రానిస్తే మళ్ళీ మొదటి రోజు పాఠం నుంచి మొదలుపెడతాను. రానివ్వకపోతే మానేస్తాను.”