చప్పుడు చెయ్యని ఆపిల్ ముక్కలు

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ వాచీలాయన అనే అంటారు. ఆయన చెవులు పాడయ్యాయని మాత్రం ఒక్కరికీ తెలీదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే గొంతు కాస్త అందుతుంది, మిగతాది పెదాలు చూసి పూరించుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే గోడతో చెప్పుకున్నట్టే. టిక్కుటిక్కు వినలేనివాడికి వాచీలిస్తారా అని తను పనిచేసే కొట్టు యజమాని దగ్గర భయం. భయమొక్కటేనా, అహం కూడా! మొండి ఘటం లెండి, ప్రాణం పోయినా బయటపెట్టడు.

ఆ గుట్టే కొంప ముంచింది. ఉన్న ఒక్క చెల్లెలు, భర్త పోయిన కొత్తల్లో వచ్చి, వంటగదిలో ఈయన వీపు వెనక నిలబడి "కొన్నాళ్ళు నీ దగ్గర ఉండనా అన్నయ్యా?" అని అడిగిందట. ఈయన గిన్నెలు తోముకుంటూ ఉలకలేదు, పలకలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు, మళ్ళీ రాలేదు. ఈ సంగతి బంధువులెవరో చెప్తేగానీ ఈయనకి తెలియలేదు. వినపడలేదని ఒక్క మాట చెప్తే పోయేది. చెప్పాడా? అబ్బే! ఒంటరిగా వండుకుని, ఒంటరిగా తిని, పలకరించే దిక్కులేక గోడలు చూస్తూ గడిపాడు.

ఇప్పుడు చెల్లెలు ఎప్పుడో ఇక్కడ వదిలేసిన తన కుట్టుమిషను పట్టుకెళ్తానని కబురు పెట్టింది. అదీ వెళ్ళిపోతే ఆవిడకి ఈ గడప తొక్కే పనే ఉండదు. ఈసారైనా చెప్పేయాలనుకున్నాడు.

ఆవిడకి చిన్నప్పటి నుంచీ కరకరలాడే ఆపిల్ ముక్కలంటే పిచ్చి. పొద్దున్నే పలచగా కోసి, దాల్చినచెక్క పొడి చల్లి, ఓవెన్‌లో సన్నటి సెగ మీద ఆరబెట్టాడు. చల్లారాక ఒకటి చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. జన్మంతా చెవితోనే పనిచేసినవాడాయె, అలవాటు ఎక్కడికి పోతుంది! చప్పుడు రాలేదు. విరిగిందని వేళ్ళు చెప్తూనే ఉన్నాయి, వేళ్ళని నమ్మలేదు. "ఇంకా మెత్తగానే చచ్చాయి" అని తిట్టుకుంటూ మళ్ళీ లోపల పెట్టాడు. తీశాడు, విరిచాడు, మళ్ళీ పెట్టాడు.

చెల్లెలు వచ్చి కూర్చుంది. ఒక ముక్క కొరికి మొహం చిట్లించింది.

"మాడ్చేశావు కదా అన్నయ్యా, చేదు."

"ఇంకా ఆరలేదేమో అనుకున్నానమ్మా."

"బొగ్గులయ్యాక ఇంకేం ఆరతాయి!" అని నవ్వబోయి ఆపేసుకుంది.

"ఉండుండు, ఇంకో వాయి ఉంది" అంటూ ఆయన వంటగదిలోకి పరుగెత్తాడు.

ఓవెన్ ముందు వంగేసరికి ఆయనకి ధైర్యం వచ్చింది. మొహం చూడక్కర్లేదు కదా! "ఆ రోజు నువ్వడిగింది నాకు వినపడలేదమ్మా. వినపడితే వద్దంటానా? నువ్వుంటే నాకంటే సంతోషించేవాడెవడు?" అని గొణిగాడు. ముక్కలన్నీ పళ్ళెంలో సర్దుకుని ముందుగదిలోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. గుమ్మం పక్కనున్న మిషనూ లేదు. వెళ్ళొస్తానని చెప్పే ఉంటుంది, బదులు రాక మనసు విరిగి వెళ్ళిపోయి ఉంటుంది.

బాల్కనీలోకి ఉరికాడు. కింద చెల్లెలు మిషను బండిలో పెట్టిస్తోంది. ఎదురుగా కొట్టు గుమ్మంలో యజమాని నిలబడి ఉన్నాడు.

"చెల్లీ!" అని అరిచాడు.

ఆవిడ తలెత్తి ఏదో అంది. అంత దూరాన ఆ పెదాలు కంటికి ఆనలేదు. యజమాని వైపు ఒక్కసారి చూసి, ఇక పోతే పోనీ అనుకున్నాడు.

"నాకు వినపడదే! ఎప్పటినుంచో వినపడదు! ఆ రోజూ వినపడలేదే తల్లీ!"

వీధి వీధంతా తలెత్తి చూసింది. చెల్లెలు బదులు చెప్పబోయి నోరు తెరిచి, చటుక్కున మూసేసింది. వేలితో మొదట తనని చూపించుకుంది, తర్వాత మెట్లని చూపించింది.