నిన్నటి ఇసుక

గుంట ముప్పాతిక వంతు తవ్వేశాక అతని వీపుకి తాడు తగిలింది.

నడుం ఎత్తి వెనక్కి చూశాడు. పసుపుపచ్చ నైలాన్ తాడు. నాలుగు మూలలా కర్రలు పాతి నిన్న సాయంత్రం తనే కట్టాడు. ఇన్సూరెన్సు మనిషి వచ్చి చూసేదాకా లాంగ్ జంప్ గుంటలో ఎవరూ అడుగు పెట్టకూడదని, ఇసుక మీద చెయ్యి వెయ్యకూడదని మేనేజరు చెబితేనే కట్టాడు. ఈ పొద్దున మైదానం గేటు తీసి, సామాన్ల గదిలోంచి పార అందుకుని, ఆ తాడు కిందనుంచే వంగి దూరి, రోజూ లాగే తవ్వడం మొదలుపెట్టాడు. తల రాకముందే చేతులు పనిలోకి వచ్చేశాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. పార వదిలేసి, నిన్న సాయంత్రం దూకిన పిల్ల పడిన చోటు కోసం వెతికాడు. అక్కడా తవ్వేశాడు. పెళ్ళలు విరగ్గొట్టి, రాళ్ళు ఏరి గట్టు మీద కుప్పగా పోసి, చక్కగా ఆరబెట్టినట్టు పరిచి ఉంది ఇసుక. మొదటి పార దించినప్పుడు మెత్తగా దిగిందా, గట్టిగా తగిలిందా? ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. అది గుర్తుకొచ్చి ఉంటే సగం చిక్కు విడిపోయేది.

ఎందుకంటే ఇవాళ అందరూ అతన్ని అడగబోతున్నది ఒక్కటే ప్రశ్న. నిన్న పొద్దున గుంట తవ్వావా, లేదా?

మనిషి సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కొద్దిగా ముందుకు వంగి ఉంటాడు. చెవుల్లో, కనుబొమల్లో ఎప్పుడూ కాస్త ఇసుక ఉంటుంది. మైదానానికి వచ్చే పిల్లలు అతన్ని ఇసుక తాత అంటారు. తాత అయ్యే వయసు రాకముందు నుంచీ అంటున్నారు. అతని పని చూడ్డానికి ఏమీ ఉండదు. పొద్దున్నే గుంట తవ్వి మెత్తచేయాలి, నీళ్ళు చల్లాలి, ఇనప పళ్ళ కర్రతో చదును చేయాలి, తర్వాత పరుగుబాట గీతలకు సున్నం పోయాలి. సాయంత్రం పిల్లలొచ్చి అంతా పాడు చేసి పోతారు. మర్నాడు మళ్ళీ మొదటికి. తవ్వని గుంట రాత్రి మంచుకీ పగటి ఎండకీ పైన అట్ట కడుతుంది. దాని మీద దూకితే నేల మీద దూకినట్టే.

నిన్న సాయంత్రం అతను కుళాయి దగ్గర నీళ్ళ గొట్టం చుడుతున్నాడు. అందరూ మిడత అని పిలిచే పిల్ల పరుగెత్తుకొచ్చి, చెక్క మీద కాలేసి, గాల్లోకి లేచింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు అతనికి అంత దూరానికీ వినిపించింది. ఆ పిల్ల వెంటనే ఏడవలేదు. పక్కకి తిరిగిపోయిన తన కాలు చూసుకుని, "ఎంత దూరం దూకాను?" అని అడిగింది. ఆ తర్వాతే ఏడ్చింది. ఏడుపు కంటే ఆ మాటే రాత్రంతా అతన్ని పడుకోనివ్వలేదు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య అతని చొక్కా గుండీలు పెట్టింది. అతను పెట్టుకున్నవి ఒకదాని బదులు ఇంకోటి పడ్డాయి.

"ఎందుకయ్యా అంత ఇదైపోతావు? నువ్వు తవ్వకుండా ఉంటావా? మన పెళ్ళినాడు కూడా గుంట తవ్వి వచ్చావు. ముహూర్తం దాటిపోతోందని అందరూ తిడుతుంటే, చెవిలో ఇసుక దులుపుకుంటూ వచ్చి కూర్చున్నావు."

"అది గుర్తుంది. నిన్నటిదే గుర్తులేదు," అన్నాడు.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మొగుడు పరాచికాలాడటం లేదని అప్పుడు అర్థమైందామెకి.

నిన్న పొద్దున మెట్ల కింద పైపు పగిలింది. అది బాగా గుర్తుంది. నీళ్ళు ఎగజిమ్మడం, తను గోనెపట్టా పట్టుకుని పరుగెత్తడం, తడిసి ముద్దవడం, అన్నీ గుర్తున్నాయి. పార కూడా గుర్తుంది, గుంట గట్టు మీద నిలబెట్టి ఉంది. కానీ పైపు తవ్వడానికి ముందు పగిలిందా, తవ్వాక పగిలిందా? గుంటలో తను వంగి ఉండటం కళ్ళకి కడుతోంది. అది నిన్నటిదో మొన్నటిదో ఎవరు చెప్పాలి? ఇన్నేళ్ళ పొద్దుటి పూటలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గోరుతో గీరినా ఒక్కటీ విడిగా ఊడి రావడం లేదు.

తాడు దాటి బయటికొచ్చి, గేటు దగ్గరికి వెళ్ళాడు. కాపలావాడు టీ తాగుతున్నాడు. ఇద్దరికీ చుట్టరికమేమీ లేకపోయినా ఒకళ్ళనొకళ్ళు బావా అనుకుంటారు.

"బావా, నిన్న పొద్దున నేను తవ్వుతుంటే చూశావా?"

"నువ్వు తవ్వడం కూడా చూడాలా? గోడ అక్కడే ఉందా అని నేను రోజూ గోడని చూస్తున్నానా?"

"వేళాకోళం కాదు. ఒట్టేసి చెప్పు."

కాపలావాడు గ్లాసు కింద పెట్టాడు. "నిజం చెప్పాలంటే పైపు గోల విని లేచాను. అంతకుముందు నిద్రపోతున్నాను. ఆ మాట మేనేజరుకి చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

ఇంతలో మేనేజరు గది కిటికీ తెరిచి అతన్ని పిలిచాడు. అతను గది మెట్ల కిందే నిలబడ్డాడు. మేనేజరు కిటికీలోంచి గుంటకేసి చాలాసేపు చూశాడు.

"ఎవరు తవ్వమన్నారు?"

"ఎవరూ అన్లేదు సార్. అలవాటులో..."

తిడతాడనుకున్నాడు. మేనేజరు తిట్టలేదు. మొహం కాస్త తేటపడింది కూడా.

"పోనీలే, మంచిపనే అయింది. ఇక చూడ్డానికేం లేదు. విను పెద్దాయనా, సరిగ్గా విను. ఆ పిల్లకి మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వెయ్యాలట. వాళ్ళ బడివాళ్ళు, బడి వదిలాక జరిగింది కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. ఆటలో దెబ్బ తగిలితే మాది పూచీ కాదని చేర్చుకునేటప్పుడే మనం చెప్పాం. ఇక మిగిలింది ఇన్సూరెన్సు. మైదానంలో లోపం ఉందంటే వాళ్ళిస్తారు. గుంట తవ్వలేదంటే లోపం. తవ్వావంటే పిల్ల తనంతట తను పడినట్టు, ఖర్చు తల్లిది. తెలిసిందా?"

"తెలిసింది సార్."

"వాళ్ళిచ్చారంటే వచ్చే ఏడాది మన దగ్గర రెట్టింపు ప్రీమియం గుంజుతారు. మైదానం కమిటీవాళ్ళు ముందు నీ మెడ పట్టుకుంటారు, తర్వాత నాది. తాడు కట్టినా తవ్వినవాడివి, నిన్న తవ్వకుండా ఉంటావా? అదే చెప్పు. చాలు."

ఆ మాటలో న్యాయం ఉంది. భార్య అన్నదీ అదే. అయినా అతనికి ధైర్యం రాలేదు. మేనేజరు చెంప దగ్గర చెమట కారుతోంది. తనని గద్దించే మనిషి కూడా భయపడుతున్నాడని తెలిశాక, అతని భయం తగ్గకపోగా ఇంకో మెట్టెక్కింది.

ఆ తర్వాత చేసిన పనులన్నీ వంకరే. పరుగుబాట మీద పోసిన సున్నం గీత ఒకచోట పక్కబాటలోకి వెళ్ళిపోయింది. పని పోతే ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు? తనకి తెలిసిన విద్య ఇసుక ఒక్కటే. ఇసుక గుంటలు ఊరికెన్ని ఉంటాయి? ఇదంతా ఆలోచిస్తూనే ఉన్నాడు కానీ, దీనికంటే పెద్ద భయం ఒకటి వెనకాల నిలబడి ఉందని అతనికి తెలుసు. దాని వంక చూడకుండా గీతలు చెరిపి మళ్ళీ పోస్తున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చాక మిడత తల్లి వచ్చింది. ఆమె బట్టలుతికే దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. రెండు ముంజేతుల మీదా సన్నటి కాలిన గుర్తులు. నేరుగా అతని దగ్గరికి వచ్చి నిలబడింది. అతను సున్నం డబ్బా కింద పెట్టాడు.

"పాప ఎట్లా ఉందమ్మా?" అన్నాడు.

"నొప్పికి సూది వేశారు, నిద్రపోతోంది. రేపటికల్లా డబ్బు కడితే ఆపరేషన్. బడికి వెళ్తే ఇక్కడికి పొమ్మన్నారు. ఇక్కడ మేనేజరుగారు, పిల్ల సరిగ్గా దూకలేదేమో అంటున్నారు." ఆమె గొంతు పెంచలేదు. "బాబాయ్, నేను గొడవకి రాలేదు. నిన్న మీరు తవ్వారా? తవ్వి ఉంటే మా కర్మ అనుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు."

అబద్ధమాడటం కంటే కష్టమైన సంగతి అతను ఆ రోజు నేర్చుకున్నాడు. నిజం తన దగ్గర లేకపోవడం.

"నాకు గుర్తులేదమ్మా."

ఆమె మొహం గట్టిపడింది. "రోజూ చేసే పని గుర్తుండదా?"

"రోజూ చేసే పనే గుర్తుండటం లేదమ్మా. నా మీద నీకు నమ్మకం కుదరదు. నాకే కుదరడం లేదు. నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను."

ఆమె తిడుతుందని తలొంచుకుని నిలబడ్డాడు. తలెత్తి చూస్తే, ఆమె తన చేతి మీది మచ్చని బొటనవేలితో రుద్దుకుంటోంది.

"ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీశానా లేదా అని నేను సగం దారిలోంచి వెనక్కి పోతాను," అంది. "ఎప్పుడు చూసినా తీసే ఉంటుంది. అయినా మర్నాడు మళ్ళీ పోతాను. దుకాణంవాళ్ళు నవ్వుతారు."

"పోయి చూసుకోవడానికి నీకు పెట్టె ఉంటుంది తల్లీ. నేను చూసుకోవాల్సిన ఇసుకని కూడా తవ్వేశాను," అన్నాడు. అంటుండగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సిగ్గుపడి భుజానికి తుడుచుకున్నాడు.

ఇన్సూరెన్సు మనిషి వస్తున్నాడట, అప్పటిదాకా ఉండి వెళ్తానని చెప్పి, ఆమె మేనేజరు గది ముందున్న బల్ల మీదకి వెళ్ళి కూర్చుంది.

ఆ మనిషి వచ్చేసరికి ఎండ వాలింది. చిన్నవాడే. జలుబు చేసినట్టుంది, జేబురుమాలు చేతిలోనే ఉంది. గుంట దగ్గరికి వెళ్ళి చూసి, పెదవి విరిచి తిరిగొచ్చాడు. కాసేపటికి ఇసుక తాతకి పిలుపొచ్చింది. ఇసుక కాళ్ళతో వస్తే ఊడ్చే ఆమె కోప్పడుతుందని, గుమ్మం పక్కన, బల్ల చివర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. పక్కనుంచి వెళ్తుంటే మిడత తల్లి అతన్ని చూసింది.

"గుంట తవ్వేశావేంటి పెద్దాయనా?" అన్నాడు ఇన్సూరెన్సు మనిషి.

"తెలియకుండా చేశాను సార్."

"సరే. ఇక్కడ ఏ పని ఎప్పుడు చేశారో రాసుకోరట కదా. కాబట్టి నీ మాటే నేను రాసుకోవాలి. నిన్న పొద్దున తవ్వావా?"

మేనేజరు తన టేబులు మీది పేపర్‌వెయిట్‌ని తిప్పుతున్నాడు. అది ఆగింది. అతను కుర్చీ పట్టుకుందామనుకున్నాడు కానీ కూర్చోమని ఎవరూ అనలేదు. గుర్తులేదంటే ఏమవుతుందో అడగాలనుకున్నాడు. అడగక్కర్లేదని వెంటనే తెలిసింది. గుర్తులేదన్న మాటకి ఎవరూ డబ్బివ్వరు.

"తవ్వలేదు సార్," అన్నాడు.

"అదేంటి? ఇందాక..." అని మేనేజరు లేవబోయాడు. ఇన్సూరెన్సు మనిషి చెయ్యెత్తి ఆపాడు.

"ఎందుకు తవ్వలేదు?"

కారణం కూడా అడుగుతారని అతను అనుకోలేదు. అయినా మాట దానంతట అదే వచ్చింది.

"పైపు పగిలింది సార్. పార గట్టు మీద పెట్టి అటు పరుగెత్తాను. నీళ్ళు కట్టేసి వచ్చేసరికి పార అక్కడే కనపడింది. గట్టు మీద పార ఉందంటే పని అయిపోయినట్టు. రోజూ అయిపోయాకే అక్కడ పెడతాను. అందుకని తవ్వేశాననుకుని పార తీసుకుపోయి గదిలో పెట్టేశాను."

చిన్నవాడు తలాడిస్తూ రాసుకున్నాడు. ఆపరేషన్ ఖర్చు కంపెనీ భరిస్తుందని, రేపు ఆసుపత్రికి తనే మాట చెబుతానని అన్నాడు. చూపించిన చోట అతను సంతకం పెట్టాడు. పెట్టాక కలం తిరిగివ్వడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

కల్పించి చెప్పాననుకున్నాడు. కానీ ఎక్కడా తడబడలేదు. పార గట్టు మీద ఎందుకుందో నిన్నటి నుంచి తేలని ముడి, నోరు తెరవగానే దారంలా ఊడి వచ్చింది. ఇలాగే జరిగి ఉంటుంది. ఇలా జరిగి ఉంటే ఆ పిల్ల కాలు విరిచింది తనే. పొద్దున్నుంచి వెనకాల నిలబడి ఉన్న భయం ఇప్పుడు ముందుకొచ్చి మొహంలో మొహం పెట్టింది. తవ్వానని చెప్పి ఉంటే ఎప్పటికీ తవ్వాననే నమ్మేవాడేమో. ఇక ఆ దారి లేదు.

ఇన్సూరెన్సు మనిషి పక్కగదిలోకి వెళ్ళాడు. మేనేజరు కేకలెయ్యలేదు. చేతిలోంచి కలం మెల్లగా తీసుకుని, "రేపట్నుంచి రాకు," అన్నాడు.

"అలాగే సార్. గీతలు ఒకచోట వంకరపోయాయి. చెరిపి మళ్ళీ పొయ్యమనండి."

గుమ్మం వైపు తిరిగాడు. తలుపు సందులోంచి బల్ల అంచూ, ఆమె ఒళ్ళో చేతులూ కనిపించాయి. బయటికి వెళ్తే ఆమె లేచి నిలబడుతుంది. దండం పెడుతుందో ఏమో. లేకపోతే, గుర్తొచ్చిందా బాబాయ్ అని అడుగుతుంది. ఔనని చెప్పాలి. ఔనంటే ఆ తల్లి తన మొహం ఎట్లా చూస్తుందో అతను చూడలేడు. సామాన్ల గది మీదుగా వెనక తలుపు ఉంది. అటు వెళ్ళాడు. చెప్పుల సంగతి మైదానం దాటి, గేటు దాటి, కంకర గుచ్చుకున్నాక కానీ తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తిరగలేదు. కాపలావాడు, బావా అని రెండుసార్లు పిలిచాడు.

బల్ల మీద మిడత తల్లి ఇంకా కూర్చునే ఉంది. డబ్బు వస్తుందని చెప్పారామెకి. ఆయనతో ఒక్కమాట చెప్పి వెళ్దామని ఆగింది. చెప్పులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి మనిషి లోపలే ఉన్నాడనుకుంది. ఒకటి బోర్లా పడి ఉంటే వంగి తిప్పి, రెండూ పక్కపక్కన సర్దింది. రబ్బరు చెప్పులు, మడమ దగ్గర బాగా అరిగినవి, వేళ్ళ గుంటల్లో కాస్త ఇసుక.